మూడో నాటి మట్టి

పీర్ల పండుగ నెలవంక కనపడిన మర్నాడు పొద్దున్నే బండ్లపేట మగవాళ్లు వచ్చి సైదమ్మ వాకిట్లో నిలబడ్డారు. కూర్చోమంటే కూర్చోలేదు. రెండు నెలల కిందటి దాకా ఆ అరుగు మీద ఆమె మొగుడు మదార్‌సాబు దూది ఏకుతుంటే పక్కన చేరి, మీసాల మీద దూది పడుతున్నా లేవకుండా ముచ్చట్లు పెట్టినవాళ్లే. ఇప్పుడు ఆ అరుగు వంక చూడకుండా ఉండటానికి నానా తంటాలు పడుతున్నారు.

అందరికీ ముందు నిలబడ్డది చంద్రయ్య. కోదాడ తోవన కిరాయి బండ్లు తోలించే మనిషి, పేటకు పెద్ద. తలరుమాలు సర్దుకుని గొంతు సవరించుకున్నాడు.

"బిడ్డా, నెల పొడిసింది."

"సూసిన మామా."

"ఈ ఏడు పీర్లను లేపకపోతే పేటకు మంచిది గాదంటున్నరు. పిల్లలకు జరాలు, ఎడ్లకు గాలికుంటు. ఠాణల అమీన్ సాబును గూడ అడిగిన. గడ్‌బడ్ లేకుంట లేపుకోమన్నడు."

"లేపుర్రి. అవి పేట పీర్లు. వద్దనటానికి నేనెవర్ని?"

చంద్రయ్య ఇంకా ఏదో అనాలని ఆగిపోయాడు. వెనక నుంచి డప్పు లచ్చయ్య అందించాడు.

"గుద్దలి సంగతి అడుగు పెద్దయ్యా."

పీర్లు లేవాలంటే ముందు వాటిని ఉంచే కొట్టం ఎదుట అలాయి గుంట తవ్వాలి. పది రోజులూ నిప్పు ఉండేది అందులోనే, చుట్టూ జనం ఆడేది అక్కడే. ఆ గుంటకు మొదటి గుద్దలి దెబ్బ ముజావరు వేయాలి. పీర్లను కనిపెట్టుకుని ఉండే ముజావరు ఈ పేటకు మదార్‌సాబే. ఆయన తాత వేశాడు, తండ్రి వేశాడు, నిరుడు ఆయన వేశాడు.

"నేనేస్త," అంది సైదమ్మ.

"ఆడమనిషివి గద బిడ్డా. ఎన్నడన్న ఉన్నదా?"

"ఎన్నడు లేదు. ఆయన యాడున్నడో మీకు తెలిస్తే పిలువుర్రి మామా, వచ్చి ఏస్తడు."

ఆమె మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అంది. కానీ వాకిట్లో ఉన్న మగవాళ్లంతా ఒక్కసారే తలలు దించుకున్నారు. పాపం, నా కష్టం చూసి బాధపడుతున్నారు అనుకుంది సైదమ్మ. మనుషుల మీద ఆమెకు ఇంకా అంత నమ్మకం ఉంది.

బండ్లపేటను సూర్యాపేట వాళ్లు ఊళ్లో జమ కట్టరు, పక్క పల్లెల వాళ్లు పల్లెలో జమ కట్టరు. కోదాడ నుంచి పట్నం పోయే బండ్లు ఎడ్లను విప్పుకుని ఆగేచోట, ఆగినవాళ్లలో కొందరు ముందుకు పోవడం మానేస్తే ఏర్పడ్డ పేట అది. బండ్లవాళ్లు, కల్లు గీసే గౌండ్లవాళ్లు, కుమ్మరులు, మాదిగలు, ఓ చివర దూదేకులవాళ్లు. బడి లేదు, దవాఖాన లేదు, దుకాణమంటూ ఒకటే ఉంది. చెప్పుకోవడానికి ఉన్నదల్లా పీర్ల కొట్టం. హుజూర్‌నగర్ అవతలి నుంచి మొక్కులవాళ్లు వస్తారు, సూర్యాపేట షావుకార్లు చెప్పులు చేతబట్టుకుని వస్తారు. ఏడాదిలో ఆ పది రోజులే బండ్లపేట ఒక ఊరనిపించుకుంటుంది. అది పోగొట్టుకోవడానికి పేటలో ఎవరికీ మనసొప్పదు. చంద్రయ్యకు అసలే ఒప్పదు.

ఎండాకాలంలో రజాకార్లు వచ్చి దిగింది కూడా ఆ కొట్టంలోనే. చంద్రయ్య ఎడ్లను తోలుకుపోయారు, లచ్చయ్య అన్న ఇంటికి నిప్పు పెట్టారు. మదార్‌సాబు చేత వండించుకు తిన్నారు. వద్దంటే బతికేవాడు కాదు గనుక వండిపెట్టాడు. భాద్రపదంలో మిలిటరీ ఇదే కోదాడ తోవన వచ్చింది. రజాకార్లు పారిపోయారు. వండిపెట్టినవాడు మిగిలాడు. ఎవరో గుంపుగా వచ్చి, జర మాట్లాడాలని ఆయన్ని అరుగు మీద నుంచి లేపుకుపోయిన రోజు సైదమ్మ మిర్యాలగూడలో కూతురి పురుటి దగ్గర ఉంది. తిరిగొచ్చేసరికి దూది ఏకే విల్లు అరుగు మీదే ఉంది, మనిషి లేడు. మిగతా దూదేకుల ఇళ్లకు తాళాలు. గుంపు చేతుల్లోంచి తప్పించుకుని కోదాడ తోవన ఉరికిండని పేటంతా ఒకే మాట చెప్పింది.

సైదమ్మ ఆ మాట పట్టుకునే కూర్చుంది. మిర్యాలగూడ రమ్మని అల్లుడు కబురు మీద కబురు పంపుతున్నాడు. ఆయన వచ్చి తలుపుకు తాళం చూసి మళ్లీ పోతేనో అని ఆమె కదలలేదు.

గుద్దలి ఆమే వేసింది. వానలు వెనకబట్టి నేల ఇంకా తడిగా ఉంది. చీర కుచ్చిళ్లు దోపుకుని, బిస్మిల్లా అనుకుని, రెండు చేతులా ఎత్తి కొట్టింది. గుద్దలి పిడి దాకా దిగింది. తర్వాత లచ్చయ్య, మల్సూర్, తక్కిన మగవాళ్లు గుంట తవ్వి మట్టిని పక్కన కుప్ప పోశారు. తవ్విన చేతులే మూడో నాడు పూడ్చాలని ఆచారం. పదో రోజున పీర్లు నీళ్లకు పోయాక, మూడో నాడు, చావు ఇంట్లో చేసినట్టే, జారతు చేసి, పాలు చల్లి, ఆ మట్టినే మళ్లీ గుంటలో పోస్తారు. దాంతో పండుగ అయిపోతుంది.

పీర్ల పెట్టె తెరవడం కూడా ఆమె పనే అయింది. పక్కింటి కాటమ్మ చింతపండు నానబెట్టి తెచ్చింది. కాటమ్మ మొగుడే మల్సూర్. చెట్లెక్కి కల్లు గీస్తాడు, పండుగకు పెద్ద పీరు ఎత్తుకుంటాడు. కాసిం పీరు అతని భుజం మీద తప్ప లేవదని పేరు. ఇద్దరాడవాళ్లూ కొట్టం వసారాలో కూర్చుని అరచేతి ఆకారంలో ఉండే పంజాలను బయటికి తీశారు. ఏడాదంతా గుడ్డల్లో ఉండి ఇత్తడి నల్లబడింది. సైదమ్మ ఒక్కొక్క వేలి సందులో చింతపండు పెట్టి బొటనవేలితో రుద్దుతుంటే కాటమ్మ బూడిద అద్ది నీళ్లు పోసింది. అంతకు ముందు ఏ ఏడైనా ఈ పని చేసేటప్పుడు కాటమ్మ నోరు ఊరుకునేది కాదు. వీళ్ల కోడలు, వాళ్ల అత్త, అందరినీ ఆ నీళ్లలోనే కడిగి ఆరేసేది. ఈసారి ఉలకలేదు, పలకలేదు.

"ఏందే, నోట్ల బెల్లం పెట్టుకున్నవా?" అంది సైదమ్మ.

"ఏం లేదక్కా. నడుము నొస్తంది."

"మీ ఇంట్ల అందరికీ నొప్పులేనా. మల్సూర్ భుజం నొస్తందంటండట గద, పీరు ఎత్తనని?"

కాటమ్మ చేతిలో చెంబు నేల మీద పెట్టింది. "నాకేం చెప్పలే అక్కా," అని లేచి నీళ్లకు పోయింది. చెంబులో నీళ్లు ఇంకా సగం ఉన్నాయి.

మల్సూర్ ఎత్తకపోతే పీరు పలకదు. పీరు పలకాలనే సైదమ్మ గుద్దలి పట్టింది, పెట్టె తీసింది, ఇన్ని రోజులుగా సరిగా తినకుండా ప్రాణం బిగబట్టుకుని ఉంది. ఊరేగింపు సవారిలో పీరు మల్సూర్ మీదికి వచ్చినప్పుడు అడిగినదానికి జవాబు చెబుతుంది. తప్పిపోయిన ఎద్దు ఏ దొడ్లో ఉందో చెప్పింది. ఇద్దరన్నదమ్ముల మధ్య గట్టు జరిపిందెవరో చెప్పింది. మనిషి నోటితో అంటే తలలు పగిలే మాటలు పీరు నోట వస్తే అందరూ చేతులు కట్టుకుని వింటారు. బండ్లపేటకు అదొక కోర్టు అనుకోవచ్చు, ఖర్చులేని కోర్టు.

ఆ మధ్యాహ్నం మల్సూర్ చెట్టు దిగి వస్తుంటే దారిలో నిలబెట్టింది.

"నీ భుజానికి ఏమయింది మల్సూరూ?"

"నొస్తంది వదినె. ఈ ఏడు ఇంకెవరన్న ఎత్తితే మంచిగుంటది."

"చెట్లెక్కే భుజమే గద."

మల్సూర్ నడుముకున్న కత్తుల పొది ముడి విప్పి, మళ్లీ అదే ముడి వేసుకున్నాడు.

"సూడు," అంది ఆమె. "నాకు బంగారం వద్దు, బర్రెలు వద్దు. ఒక్క మాట కావాలె. ఉన్నడా, లేడా. ఉంటే గీడనే గడప మీద కూసుంట, ఎన్నేండ్లయిన. లేకపోతే చెయ్యాల్సినయి చేసి మిర్యాలగూడెం పోయి బిడ్డ కాడ ఇంత గంజి తాగి పడుంట. గీ నడుమ నేనుండలేకపోతున్న. నువ్వు ఎత్తితేనే పీరు చెప్తది. నీ కాళ్లు మొక్కుత."

"అంత మాటనకు వదినె," అన్నాడు మల్సూర్. కల్లు కుండ ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. అవునని గానీ కాదని గానీ చెప్పకుండానే పోయాడు.

మర్నాడు సైదమ్మ నీళ్లు తెస్తుంటే చంద్రయ్య మల్సూర్ వాకిట్లోంచి బయటికి వస్తూ కనబడ్డాడు. ఆమెను చూసి తనే దగ్గరికి వచ్చాడు.

"మల్సూర్ ఒప్పుకున్నడు బిడ్డా. పెద్ద పీరును వాడే ఎత్తుతడు. నువ్వేం రంది పెట్టుకోకు. పీరు మంచి మాటే చెప్తది."

సైదమ్మకు కళ్ల నీళ్లు తిరిగాయి. ఎడ్లు పోగొట్టుకుని కూడా మనసులో ఏమీ పెట్టుకోని మనిషి అనుకుంది. కడవ దించి, ఆయన కాళ్లకు మొక్కబోతే చంద్రయ్య గబుక్కున వెనక్కి జరిగాడు.

పది రోజులూ కొట్టంలో, చనిపోయినవాళ్ల పేరిట చదివే ఫాతెహాను ఆమే చదివింది. ఇన్నేళ్లూ పరదా వెనక నిలబడి, మొగుడు చదవగా విన్నది విన్నట్టు చదివింది. తప్పులు పోయాయేమో తెలియదు, చెప్పేవాళ్లు లేరు. మొక్కులవాళ్లు పీర్లకు రంగుగుడ్డల దట్టీలు కట్టారు, ఎండుకొబ్బరి కుడుకలు ఇచ్చారు. అలాయి చుట్టూ పేట కుర్రాళ్లు రోజూ ఆడారు గానీ లచ్చయ్య డప్పు ఎప్పటిలా మోగలేదు. తోలు తడిసిందన్నాడు.

పదో రోజు పొద్దున సవారి లేచింది. మల్సూర్ తలకు స్నానం చేసి, కొత్త ధోవతి కట్టి, కాసిం పీరు కర్రను రెండు చేతులా పట్టుకుని కొట్టంలోంచి బయటికి వచ్చాడు. మిగతా పీర్లు వెనక వచ్చాయి. ఇంటింటి ముందు ఆడవాళ్లు బిందెలతో నీళ్లు తెచ్చి ఎత్తినవాళ్ల కాళ్ల మీద పోశారు. తోవంతా బురదయింది. కోదాడ తోవ మీద పోతున్న మిలిటరీ లారీ ఒకటి వేగం తగ్గించి, చూసి, పోయింది.

దూదేకుల ఇళ్ల ముందు ఎవరూ నీళ్లు పోయలేదు, పోసేవాళ్లు లేరు. సైదమ్మ తన గడప ముందు నిలబడి ఉంది. ఒక చేతిలో బిందె, ఒక చేతిలో ఊదు వేసిన నిప్పుల చట్టి. ఊదు పట్టడం మదార్‌సాబు పని. పీరు ఎదుట చట్టి ఊపుతూ పొగను ఎత్తినవాడి ముఖంలోకి పోనిచ్చేవాడు. ఎందుకట్లా ఊపిరాడకుండా చేస్తవు అని ఆమె ఒకసారి అడిగింది. పొగ కండ్లల్లకు పోతే మనిషి ఏడుస్తడు, దగ్గుతడు. పీరు ఏడవదు, దగ్గదు. గదే గుర్తు అన్నాడాయన. నిజమే, ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఆమె చూసింది. పీరు వచ్చినప్పుడు మల్సూర్ కళ్లు పొగలో తెరుచుకునే ఉండేవి, రెప్ప కూడా పడేది కాదు. ఈ సంగతి ముజావరు ఇంట్లో తప్ప పేటలో ఎవరికీ తెలియదు.

మల్సూర్ ఆమె గడప ముందుకు వచ్చి ఊగడం మొదలుపెట్టాడు. లచ్చయ్య డప్పు వేగం పెంచాడు. జనం మూగారు. సైదమ్మ నీళ్లు పోసింది, బిందె కింద పెట్టి రెండు చేతులా చట్టి పట్టుకుని ఊపింది. ఇన్ని రోజులూ ఎన్ని విధాలుగానో అడగాలనుకున్నది చివరికి రెండు ముక్కలుగా వచ్చింది.

"మా ఆయన యాడున్నడు తండ్రీ. ఉన్నడా?"

మల్సూర్ ఊగుతూనే ఉన్నాడు. "ఉన్నడు," అన్నాడు గొంతు పెద్దది చేసి. "సల్లగున్నడు. పట్నంల ఉన్నడు. దినాలు మంచిగయినంక వస్తడు."

పొగ అతని ముఖం చుట్టూ తిరిగింది. మల్సూర్ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. మూసుకున్న రెప్పల కిందనుంచి నీళ్లు కారాయి. వస్తడు అన్న మాట మీద దగ్గు వచ్చింది. ఆపుకోబోయి, ఆపుకోలేక, తల పక్కకు తిప్పి దగ్గాడు.

"విన్నవా బిడ్డా," అన్నాడు చంద్రయ్య పక్క నుంచి, మల్సూర్ దగ్గు ఆగకముందే. "పట్నంల ఉన్నడట. ఇగ నీకేం భయం లేదు. పీరు చెప్పినంక తిరుగులేదు."

"తిరుగులేదు, తిరుగులేదు," అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు. సవారి ముందుకు కదిలింది.

సైదమ్మ చట్టి పట్టుకుని అక్కడే నిలబడింది. పీరు రాలేదు. మాట్లాడింది మల్సూరే. అబద్ధం చెప్పాడు. బతికున్న మనిషి గురించి అబద్ధం చెప్పాల్సిన పని ఎవరికీ ఉండదు. చనిపోయాడు గనుకనే చెప్పాడు. అంతా ఆమెకు ఒక్కసారే తెలిసిపోయింది. చట్టిలో నిప్పులు చెయ్యి కాలుస్తున్నాయని ఎవరో ఆడమనిషి వచ్చి అందుకునే దాకా ఆమెకు తెలియలేదు.

మధ్యాహ్నం పీర్లు వాగుకు పోయి వచ్చాయి. పంజాలను కడిగి, తెల్లగుడ్డలో చుట్టి, పెట్టెలో పడుకోబెట్టారు. ఆ పూట సైదమ్మ ఇంటికి పేటలో ప్రతి ఇంటి నుంచీ తిండి వచ్చింది. కుమ్మరి బాలమ్మ పాయసం పంపింది. చంద్రయ్య ఇంటి నుంచి గారెలు వచ్చాయి. కాటమ్మ జొన్నరొట్టెలూ, కోడికూరా తెచ్చి పెట్టి, తినమని కూడా చెప్పకుండా పోయింది. ఈ రెండు నెలల్లో ఆమె పొయ్యి వెలగని రోజులున్నాయి. ఒక్కరూ గంజి గిన్నెతో గడప తొక్కలేదు. పట్నంలో ఉన్న మొగుడి పెళ్లానికి ఇన్ని కంచాలెందుకు? చావు ఇంటికి కదా ఇట్లా తిండి పంపేది.

గిన్నెల మధ్య కూర్చుని ఆమె ఒక్కొక్క ఇంటినీ తలుచుకుంది. ఇదిగో ఈ ఇంటివాళ్లకు తెలుసు. ఈ ఇంటివాళ్లకూ తెలుసు. పాయసం చేసిన చేతికి తెలుసు, రొట్టె చేసిన చేతికి తెలుసు. తాను రోజూ గడప మీద కూర్చుని కోదాడ తోవ వంక చూస్తుంటే వీళ్లంతా ఆ దారినే వస్తూ పోతూ, ఏం అక్కా బాగున్నవా అని పలకరించారు. అందరికంటే మల్సూర్ మీద కోపం వచ్చింది. ఆ వెంటనే ఆ కారుతున్న కళ్లు గుర్తొచ్చాయి. ఎత్తనంటే బతిమాలి ఎత్తించింది తనే. ఏడుపు మొదట రాలేదు. వచ్చాక ఆగలేదు. గిన్నెలన్నీ మూతలు తీయకుండానే బయటపెట్టేసింది. కుక్కలు తిన్నాయి.

మూడో నాడు పొద్దున్నే స్నానం చేసింది. గడప మీద చేతులానించి గాజులు ఒక్కొక్కటే కొట్టుకుంది. జారతుకు పాలు తెచ్చిన కాటమ్మ అది చూసి చెంబుతో సహా అక్కడే నిలబడిపోయింది.

"ఇదేందక్కా. బావ వస్తడని పీరు చెప్పె గద."

"పీరు చెప్తే ఆగేదాన్నే," అంది సైదమ్మ. గాజు ముక్కలు ఊడ్చి ఎత్తింది.

కాటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అడిగి ఉంటే, చెప్పి ఉంటే సైదమ్మ ఆమె భుజం మీద తల పెట్టుకుని ఏడ్చేదేమో. కాటమ్మ పాలచెంబు గడప పక్కన పెట్టి, అలాయి దగ్గరికి ముందే వెళ్లిపోయింది.

గుంట దగ్గర మగవాళ్లు గుద్దళ్లు, పారలు పట్టుకుని ఎదురు చూస్తున్నారు. పది రోజుల బూడిద చల్లారిపోయి ఉంది. సైదమ్మ ఫాతెహా చదివి, పాలు చల్లి, మొదటి పిడికెడు మట్టి వేసింది. ఆమె బోసి చేతులను అందరూ చూశారు. చూసి, గబగబా మట్టి లాగడం మొదలుపెట్టారు. ఎప్పుడూ గంటసేపు నవ్వుకుంటూ చేసే పని చూస్తుండగానే అయిపోవచ్చింది. లచ్చయ్య చివరి మట్టిని తట్టలోకి ఎత్తాడు.

"అది గుంటల పొయ్యకు లచ్చయ్యా," అంది సైదమ్మ. "నా నెత్తికెత్తు."

లచ్చయ్య చంద్రయ్య వంక చూశాడు. చంద్రయ్య ఏమీ అనకపోయేసరికి తట్ట ఆమె నెత్తికెత్తాడు.

"ఇంకొక్క కాడ గూడ మట్టి పొయ్యాలె మామా," అంది ఆమె చంద్రయ్యతో. గొంతు మామూలుగానే ఉంది. "ఆయనకు ఎవరు పోసిన్రో, ఎట్ల పోసిన్రో నాకు తెల్వదు. మళ్లొకసారి పోద్దాం. పదుర్రి."

అని నడవకుండా నిలబడింది. ఎటు నడవాలో ఆమెకు తెలియదు. అందుకే పక్కకు జరిగి వాళ్లకు దారి ఇచ్చింది.

ఏ కాడికి అని ఒక్కరైనా అడుగుతారేమోనని చూసింది. అడిగితే బాగుండునని కూడా అనుకుంది. ఒక్కరు అడిగినా ఆ ఒక్కరి ఇంట్లో మంచినీళ్లు తాగగలిగేది. చంద్రయ్య నేలను చూస్తున్నాడు. లచ్చయ్య చేతికంటిన మట్టిని తొడకు తుడుచుకుంటున్నాడు. ఆడవాళ్లలో ఎవరో ముక్కు చీదారు. ఎండ పైకి వస్తోంది.

"ఇగ పొద్దెక్కింది, ఇండ్లకు..." అన్నాడు చంద్రయ్య.

మల్సూర్ గుద్దలి భుజాన వేసుకుని కదిలాడు. ఆ వెనక ఇంకొకడు, ఆ వెనక ఇంకొకడు. సైదమ్మ అందరి కంటే చివర నడిచింది. కోదాడ తోవ వైపు కాదు. కుమ్మరి ఆవం వెనక నుంచి తాటిచెట్లలోకి. ఆ దారి ఆమెకు బాగా తెలుసు. పుల్లలకు ఇటే వచ్చేది. మొన్న పండుగకు ముందు కూడా వచ్చి మోపు కట్టుకుపోయింది. మోపు ఎత్తేవాళ్లు లేక ఒక గట్టు మీద పెట్టి, కాసేపు కూర్చుని, తనే ఎత్తుకుంది. ఆయనకు ఎంత దూరంలో కూర్చున్నానో ఏమో అనుకునేసరికి నెత్తి మీద తట్ట ఒరిగింది. మల్సూర్ ఆగి తట్ట అందుకోబోయాడు.

"ఇయ్యి వదినె."

"వద్దు."

అతను ఆమె పక్కనే ఉండిపోయాడు. తాటిచెట్ల మధ్య బాట రెండుగా చీలే చోట ముందున్నవాళ్లు చాలా దూరంలో ఉన్నారు. మల్సూర్ కోసం ఆగలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. అందరూ ఎడమకు తిరిగారు.

"ఆ పొద్దు కిందికి దిగి రాలేకపోయిన వదినె," అన్నాడు మల్సూర్ మెల్లగా. "చెట్టు మీదనే ఉన్న."

సైదమ్మ అతని వంక తిరగలేదు. మెడ నొప్పి పుడుతోంది. తట్టను సరిచేసుకుని నడిచింది.

తుమ్మల మధ్య పాత మోటబావి. నీళ్లు ఎండి ఎప్పుడో పాడుబడింది. మగవాళ్లు దానికి కాస్త ఇవతలే చెప్పులు విడిచి, కొట్టం ముందు నిలబడ్డట్టు వరసగా నిలబడి ఉన్నారు. బావి నోరంతా ఎండిన తుమ్మకంపతో కప్పి ఉంది. దుంగలంత లావు కొమ్మలు. ఒకరిద్దరు నరికి, ఈడ్చుకొచ్చి, కప్పగలిగేవి కావు.

సైదమ్మ వచ్చి నిలబడింది. ఇక ఎవరో ఒకరు కంప తీయాలి. చివరికి ముందుకు వచ్చింది చంద్రయ్యే. తలరుమాలు తీసి పక్కన పెట్టాడు. కళ్లు ఎటో పెట్టుకుని వంగి, ఆ ముళ్ల మధ్యలో చేతికి ఒక్క ముల్లూ తగలకుండా, సరిగ్గా కొమ్మ మొదలు ఉన్న చోట పట్టుకున్నాడు.

సైదమ్మ ఆ చేతిని చూసింది. తట్ట దించి, కొంగు తలమీదికి లాక్కుని, ఫాతెహా మొదలుపెట్టింది.